వానలు వెలిసాయి, మళ్ళీ జీను వేసే ముందు

మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గుర్రానికి దాదాపు సెలవే. ఏడాది వానలో సగానికి పైగా మనకు ఈ మూడు నెలల్లోనే పడుతుంది. మధ్యలో వాయుగుండాలు, ఆ తర్వాత వారం రోజులు ఆరని బురద. గుర్రం సాలలో నిలబడి తింటూ ఉంటుంది, మనం వసారాలో కూర్చుని దాన్ని చూస్తూ ఉంటాం. సంక్రాంతి ముందు నాలుగు రోజులు ఎండ కాయగానే ఎక్కాలనిపిస్తుంది. ఏడాది మొత్తంలో కిందపడటానికి ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు. గుర్రం మొండిదై, పోయినసారి మిమ్మల్ని పడేసి, అప్పటినుంచి మీకు లోపల బెరుకు కూడా ఉంటే, ఎక్కడం నాలుగు రోజులు ఆపి ముందు ఇది చదవండి.

నేనూ పడ్డవాడినే. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల మధ్య గట్టు మీద పోతున్నాను. అప్పటిదాకా ఊరికే ఉన్న ఏరేటర్లు (గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఒక్కసారిగా తిరిగాయి. నీళ్ళు ఎగిరాయి, గుర్రం పక్కకు దూకింది, నేను గట్టు మీద వెల్లకిలా ఉన్నాను. భుజం ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. ధైర్యం అతుక్కోవడానికి ఏడాది పైనే పట్టింది. రికాబులో కాలు పెట్టే సమయానికి అరచేతులకు చెమట పట్టేది, ఇంట్లో ఏదో అర్జెంటు పని గుర్తొచ్చేది. "ఈ రోజు గాలి ఎక్కువగా ఉంది" అని నాకు నేనే చెప్పుకుని జీను విప్పేసిన రోజులు ఎన్నో.

పడ్డ వెంటనే లేచి ఎక్కెయ్యాలి, లేకపోతే భయం ముదిరిపోతుంది అని అందరూ చెబుతారు. ఆ సలహా మీద నాకు నమ్మకం లేదు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్ళీ ఎక్కే మాటే వద్దు. వాంతి, మగత, తగ్గని తలనొప్పి, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికి పోవాలి. తలకు ఏమీ కాకపోయినా, గుర్రం ఎందుకట్లా చేసిందో తెలుసుకోకుండా మళ్ళీ ఎక్కితే, రెండోసారి పడటానికి మనమే ఏర్పాట్లు చేసుకున్నట్టు.

మొండితనమా, నొప్పా?

దీన్ని తేల్చకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. "పొగరు" అని మనం పేరు పెట్టినదాంట్లో చాలా భాగం నొప్పే. మూపు వెనక నుంచి నడుము దాకా, వెన్నుకు రెండు వైపులా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోండి. ఎక్కడైనా వెన్ను కిందికి జారినా, చెవులు వెనక్కి అణిచినా, తల తిప్పి కొరకబోయినా అక్కడ నొప్పి ఉందన్నట్టే. జీను తీశాక చెమట పట్టిన వీపు మీద అక్కడక్కడా పొడి మచ్చలు కనిపిస్తే, జీను ఆ చోట గట్టిగా నొక్కుతున్నట్టు అనుమానించాలి. రంగు గుర్రం వీపు మీద కొత్తగా తెల్ల వెంట్రుకలు వస్తే అది పాత గాయం గుర్తు. మూడు నెలలు తిని కూర్చున్న గుర్రానికి వీపు ఆకారమే మారిపోతుంది. పోయిన వేసవిలో సరిపోయిన జీను ఈ జనవరిలో సరిపోతుందన్న గ్యారంటీ లేదు.

నోరు కూడా చూపించండి. గుర్రం పళ్ళు దాదాపు జీవితాంతం చిగుళ్ళలోంచి పైకి వస్తూ, అరుగుతూ ఉంటాయి. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలను, నాలుకను కోస్తాయి. కళ్ళెం లాగినప్పుడల్లా తల విసిరే గుర్రానికి ముందు పశువైద్యుడితో పళ్ళు చూపించి అరగదీయించాలి. ఆ తర్వాత కూడా విసిరితే అప్పుడు శిక్షణ సంగతి చూసుకోవచ్చు.

వానల తర్వాత డెక్కలను ప్రత్యేకంగా చూడాలి. బురదలో, తడిసిన సాలలో నిలబడితే డెక్క అడుగున మెత్తటి భాగం కుళ్ళి, నల్లటి జిగురుతో గబ్బు వాసన కొడుతుంది. లాడాలు వదులై ఉంటాయి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది, జోరీగలు. వాటి కాటుతో సర్రా అనే రోగం వస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, కాళ్ళు, పొట్ట కింద వాపు, మేత తింటున్నా చిక్కిపోవడం, నడకలో తూలడం. ఇట్లాంటి గుర్రం తడబడి పడితే దాన్ని కొట్టి ప్రయోజనం లేదు, రక్తపరీక్ష చేయించాలి.

ఇక దాణా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పని లేని మూడు నెలలూ ఉడికించిన ఉలవలు అదే కొలతలో పెడుతూ పోతే, ఎక్కిన రోజు ఆ ఉలవలన్నీ మీ కింద ఎగురుతాయి. అది మీ ధైర్యానికి వచ్చే ముప్పు. గుర్రానికి వచ్చే ముప్పు అంతకన్నా పెద్దది. పని లేనప్పుడు గింజ దాణా నిండుగా తిని, ఒక్కసారిగా పనిలోకి దిగితే వెనక భాగం కండరాలు బిగుసుకుపోతాయి, చెమటలు కారుతాయి, కదలలేకపోతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అప్పుడు నడిపించకుండా ఉన్నచోటే నిలబెట్టి డాక్టర్‌ను పిలవాలి. అందుకే వానాకాలంలో గింజ తగ్గించి గడ్డి పెంచాలి. పని మొదలయ్యాక కూడా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగానే గింజ పెంచాలి.

ముందు నేల మీద

మా ఇంట్లో గుర్రాన్ని చూసే పెద్దాయన ఒకరోజు జీను పట్టీ బిగిస్తూ, "ఏంది నాయనా, ఊపిరి బిగబట్టావు? నువ్వు బిగబడితే అదీ బిగబడుతుంది" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, దీన్ని కొలిచి చూసినవాళ్ళు కూడా ఉన్నారని. స్వీడన్ పరిశోధకులు 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో మనుషుల చేత గుర్రాలను నడిపించారు, కొందరి చేత స్వారీ కూడా చేయించారు. ఒక చుట్టులో గొడుగు టక్కున తెరుస్తామని వాళ్ళకు ముందే చెప్పారు. గొడుగు తెరవనేలేదు. అయినా ఆ చుట్టులో మనుషుల గుండె వేగంతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. మన టెన్షన్ పగ్గాల గుండా దిగిపోతుందన్నమాట. పైకి ధైర్యం నటిస్తే గుర్రం నమ్మదు, నిజంగా భయం తగ్గాల్సిందే.

ఎక్కకుండా తగ్గించుకోవచ్చు. మొదటి వారం జీనే వద్దు. పొద్దున, సాయంత్రం చేత్తో పట్టుకుని నడిపించండి. ఆగమంటే ఆగాలి, వెనక్కి జరగమంటే జరగాలి, మీ మీదికి భుజం తోసుకు రాకూడదు. తాడు చేతికి చుట్టుకోవద్దు, గుర్రం లాగితే వేళ్ళు పోతాయి. రెండో వారం పొడవాటి తాడు మీద రెండు వైపులా గుండ్రంగా తిప్పండి. గంతులు వెయ్యాలనుకుంటే అక్కడే వేసేస్తుంది, మీరు కింద నుంచి చూస్తారు. చిన్న గుండ్రంలో ఎక్కువసేపు తిప్పితే కీళ్ళు దెబ్బతింటాయి, పదిహేను నిమిషాలు చాలు. తన్నే దూరంలో నిలబడొద్దని వేరే చెప్పాలా! తోక వెనక, నుదుటికి సరిగ్గా ఎదురుగా గుర్రానికి కనబడదు. ఆ రెండు చోట్లకు పోయేటప్పుడు మాట్లాడుతూ పోవాలి.

భయపెట్టే వస్తువులను కూడా నేల మీదే చూపించాలి. నల్ల ప్లాస్టిక్ పట్టా, గాలిపటం, గొడుగు, మోటారు చప్పుడు. దూరంగా పెట్టండి. చూసి, తల దించి, పెదాలు నమిలి, ఊపిరి వదిలేదాకా ఆగి, తర్వాత రెండడుగులు దగ్గరికి. అంతకన్నా తొందరపడితే మొదటికొస్తుంది.

ఎక్కిన మొదటి రోజులు

చోటు ముఖ్యం. మూసిన దొడ్డి ఉంటే అదే మేలు. మాకు సరుగుడు తోట పక్కన చదునైన ఇసుక నేల ఉంది, పడినా ఎముక బతుకుతుంది. మైపాడు సముద్రపు ఒడ్డున పొడి ఇసుకలో మాత్రం దౌడు తీయించొద్దు, లోతు ఇసుక గుర్రం కాళ్ళ స్నాయువులను (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలను) లాగేస్తుంది. నీళ్ళ అంచున గట్టిపడిన తడి ఇసుక నయం. పెన్నలోకి దిగేవాళ్ళకు ఒక మాట. ఇసుక తవ్విన గుంతలు వానలకు నిండి పైకి సమంగా కనిపిస్తాయి. పోయిన ఏడాది తిరిగిన దారే కదా అని దిగొద్దు, ముందు కాలినడకన చూసి రండి. ఎగువ సోమశిల డ్యామ్ నుంచి నీళ్ళు వదులుతున్నారన్న కబురు ఉంటే ఆ వైపే పోవద్దు. హైవే పక్కన లారీ హారన్ల దగ్గర ప్రయోగాలు అసలే వద్దు. భోగి ముందు రోజు నుంచి కనుమ దాకా టపాసులు, గాలిపటాలు, పాటల పెట్టెలు. ఆ నాలుగు రోజులు నేను ఎక్కను.

తలకు స్వారీ కోసమే చేసిన హెల్మెట్ కావాలి. ఒకసారి నేలకు కొట్టుకున్న హెల్మెట్ పైకి నిగనిగలాడుతున్నా పారేయండి. కాలికి మడమ ఉన్న బూటు ఉండాలి. చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోంచి అవతలికి జారి, పడ్డప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ మీకూ గుర్రానికీ చేయించి ఉండాలి. ఒంటరిగా ఎక్కొద్దు. కింద నిలబడే మనిషి గుర్రం తెలిసినవాడై ఉండాలి, వీడియో తీసేవాడు కాదు.

మొదటి రోజు ఎక్కి, పది నిమిషాలు నడిపించి, దిగండి. బాగా నడిచింది కదా, ఇంకొక చుట్టు అనిపించినప్పుడే దిగాలి. నా పొరపాట్లన్నీ ఆ "ఇంకొక చుట్టు"లోనే జరిగాయి. పైన ఉన్నంతసేపు గుర్రంతో మాట్లాడుతూ ఉండండి, కూనిరాగమైనా సరే. గొంతు కదులుతుంటే ఊపిరి బిగబట్టలేం.

ఒక్క పగ్గంతో ఆపడం నిలబడి ఉన్నప్పుడే రెండు వైపులా నేర్పాలి. ఒక పగ్గాన్ని మెల్లగా దగ్గరికి తీసుకుంటే తల మీ మోకాలి వైపు తిరగాలి, వెనక కాళ్ళు పక్కకు జరగాలి, వెంటనే వదలాలి. బెదిరి పరుగు మొదలుపెట్టబోతున్నప్పుడు పనికొచ్చేది ఇదే. అప్పటికే దౌడులో ఉంటే ఒక్కసారిగా తల తిప్పొద్దు, గుర్రం మీతో సహా పడుతుంది. చోటు ఉంటే పెద్ద గుండ్రంగా తిప్పుతూ గుండ్రాన్ని చిన్నది చేయాలి. వెనక కాళ్ళు ఎగరేస్తుంటే తల కిందికి పోనివ్వకుండా ముందుకు నడిపించాలి. ముందు కాళ్ళు లేపితే పగ్గాలు వదులు చేసి, ముందుకు వంగి జూలు పట్టుకోవాలి. అప్పుడు భయంతో పగ్గాలు లాగితే గుర్రం వెల్లకిలా మీ మీద పడుతుంది.

అలవాటుగా ముందు కాళ్ళు లేపే గుర్రం మీద ధైర్యం తెచ్చుకునే ప్రయత్నం చేయొద్దు. దాన్ని చేయి తిరిగిన మనిషికి అప్పగించండి, లేదా ఉన్న గుణం దాచకుండా చెప్పి అమ్మేయండి. పెళ్ళి ఊరేగింపులకు అసలు ఇవ్వొద్దు. బ్యాండు, బాణసంచా, పైన స్వారీ తెలియని పెళ్ళికొడుకు, చుట్టూ పిల్లలు. మీ భయాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి పెళ్ళిలో దింపినట్టు అవుతుంది. కొంతకాలం నెమ్మదైన ముసలి గుర్రాన్ని ఎక్కి తిరగడం నామోషీ అనుకోవద్దు. నేను నాలుగు నెలలు తెలిసినవాళ్ళ దగ్గర అట్లాంటి ఆడగుర్రం మీదే తిరిగాను. నా కాళ్ళు కుదురుకున్నది దాని మీదే.

ఇప్పుడు నా గుర్రం మీద దుల్కీ (నడకకూ దౌడుకూ మధ్య పరుగు) దాకా పోతున్నాను, వీలైన రోజు దౌడు కూడా. రొయ్యల గుంటల గట్టు వచ్చినప్పుడు మాత్రం, ఏరేటర్లు తిరుగుతున్నా ఆగి ఉన్నా, దిగి పగ్గం పట్టుకుని నడిపించుకుంటూ దాటుతాను. గుంటల కాపలా కుర్రాడు ప్రతిసారీ నవ్వుతాడు.