కాలేజీ మానకుండా పని చేసుకోవాలంటే

పని దొరికిందని సంబరపడే ముందు కాలేజీ టైమ్‌టేబుల్ ముందేసుకుని కూర్చోండి. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షల దగ్గర ఇరుక్కుంటారు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ హాజరు చూస్తారు, కాబట్టి పగటి పని ఎంత జీతమిచ్చినా వద్దనేయండి.

నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బట్టల షాపులో సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా చేశాను. మామూలు రోజుల్లో బాగానే ఉండేది గానీ దసరా వచ్చేసరికి పదకొండు దాటేది, కస్టమర్లు విప్పించిన చీరలన్నీ మడతపెట్టీ పెట్టీ, తెల్లారి మిడ్ పరీక్షలో పెన్ను పట్టుకుంటే వేళ్లు మొరాయించేవి. అందుకే చేరే రోజే ఓనరుతో "అన్నా, పరీక్షలప్పుడు నాలుగు రోజులు రాలేను, బదులుగా ఆదివారాలు చేస్తాను" అని తేల్చేసుకోండి. మొహమాటపడితే సరిగ్గా హాల్‌టికెట్ చేతికొచ్చిన రోజే గొడవవుతుంది.

నన్నడిగితే ట్యూషన్లు అన్నిటికంటే మేలు. తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తే రోజుకు గంటన్నరే, పైగా వాళ్లమ్మ టీ కూడా ఇస్తుంది! డెలివరీ బండి ఎక్కేవాళ్లు మాత్రం పెట్రోలు, టైర్ల ఖర్చు పోను చేతికెంత మిగులుతోందో ఒక నెల రాసి చూసుకోండి.

కావలి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకు బస్సులో సీటు దొరికితే అదే చదువుకునే టైము. నోట్సు ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి. పోయేటప్పుడు చదవండి, వచ్చేటప్పుడు నిద్రపోండి.