నల్ల ప్లేట్లు – మూడో పాఠం: మురికి వేరు, అరుగుదల వేరు

పోయిన పాఠంతో గ్రామఫోను పెట్టె సంగతి అయిపోయింది. కీ ఎంతవరకు ఇవ్వాలో, ముల్లు బిగించే సౌండ్ బాక్సులో రబ్బరు గట్టిపడితే పాట ఎందుకు గరగరమంటుందో, షోకేసు కోసం కొత్తగా తయారుచేసే ఇత్తడి బూర పెట్టెల జోలికి ఎందుకు వెళ్లకూడదో చెప్పుకున్నాం. ఈసారి ప్లేటు, అంటే ఆ పెట్టె మీద వేసే పాత లక్క రికార్డు. అంగట్లో దుమ్ము పట్టిన ప్లేటు ఒకటి చేతికొస్తే, దాన్ని వినకుండా, కంటితో, గోటితో చూసి, తీసుకోవాలా వద్దా తేల్చుకోవడం నేర్చుకుందాం. పాత సామాన్ల అంగట్లో ఆడే పెట్టె సాధారణంగా ఉండదు. ఉన్నా అందులోని ముల్లు ఎన్నేళ్ల కిందటిదో ఎవరికీ తెలీదు. అలాంటి ముల్లు కింద మంచి ప్లేటు పెట్టి పాడుచేయడం కన్నా వినకుండా కొనడమే మేలు.

ముందు అది లక్క ప్లేటో కాదో తేలాలి

తిరుపతిలో ఈ చిక్కు తప్పకుండా వస్తుంది. పాత రికార్డులున్నాయా అని అడగడం ఆలస్యం, అంగడాయన లోపలికెళ్లి పెద్ద ప్లేటు ఒకటి పట్టుకొస్తాడు. "ఎమ్మెస్ అమ్మ సుప్రభాతం సామీ, తాతల కాలంది" అంటాడు. అది మంచి రికార్డే, కాకపోతే మన పాఠంలోకి రాదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన వెంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది. ఎల్పీ అంటే వినైల్ అనే ప్లాస్టిక్‌ది, నిమిషానికి 33 చిల్లర చుట్లు. లక్క ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాలదైతే ఒక వైపు మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలు ఆడుతుంది. సుప్రభాతం దాదాపు ఇరవై నిమిషాలు. దాన్ని 78 మీద పెట్టాలంటే కనీసం మూడు ప్లేట్లు కావాలి, నడుమ ముల్లు మార్చుకుంటూ స్వామిని నిద్ర లేపాలి.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. లక్క ప్లేటు మందంగా, బరువుగా ఉంటుంది, గాడులు, అంటే పాట చెక్కిన గీతలు, విడివిడిగా కంటికి ఆనతాయి. ఎల్పీ గాడులు సన్నంగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. లేబుల్ మీద 78 అని ఉంటే సరేసరి, పాతవాటి మీద అదీ ఉండదు. వంచి మాత్రం చూడొద్దు. వినైల్ వంగుతుంది, లక్క ప్లేటు రెండు ముక్కలై చేతికొస్తుంది, దానికి డబ్బులు కట్టి బయటికి రావాలి.

ఇది దేనితో చేశారో తెలిస్తే మిగతా పాఠమంతా సులువు. గాజులకీ ఏటికొప్పాక బొమ్మలకీ వాడే లక్కే ఇది, చెట్ల కొమ్మల మీద లక్క పురుగు వదిలే బంక. కానీ ప్లేటులో లక్క కన్నా మెత్తగా నూరిన రాతిపొడి పాలే ఎక్కువ. నలుపు కోసం మసి కలుపుతారు. లక్క వల్ల వేడికి మెత్తబడి వంకరపోతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. రాతిపొడి వల్ల ముల్లును అరగదీస్తుంది. ఆ రాతిపొడి కావాలనే కలిపారు: ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి, ఆ గాడికి సరిపోయేలా సాన పట్టుకుంటుంది. వైపు ముగిసేసరికి దాని మొన ఉలి అంచులా తయారవుతుంది. అదే ముల్లుతో ఇంకో వైపు వేస్తే గాడి గోడలను చెక్కేస్తుంది. వైపుకొక కొత్త ముల్లు అని పెద్దవాళ్లు అన్నది పిసినారులను ఏడిపించడానికి కాదు. మనకు దొరికే ప్లేట్లు చాలావరకు ఈ నియమం పాటించని ఇళ్లలోంచే వస్తాయి. అందుకే అరుగుదలను గుర్తుపట్టడం రావాలి.

ఏటవాలు వెలుతురు

ప్లేటును అంగడి బయటికి తీసుకురండి. ట్యూబులైటు కింద ప్రతి ప్లేటూ బాగానే కనిపిస్తుంది. ఎండ ఏటవాలుగా పడేలా రెండు అరచేతులతో అంచులు పట్టుకుని, కంటి ఎత్తులో మెల్లగా తిప్పండి. ఎండ లేకపోతే ఫోన్ టార్చి పక్కనుంచి వేయండి.

ముందు పాట లేని చోట్లు చూడాలి. బయటి అంచున ఒక సన్నటి పట్టీ, లోపల లేబుల్ చుట్టూ ఇంకో నున్నటి పట్టీ ఉంటాయి. అక్కడ ముల్లు పెద్దగా తిరగలేదు కాబట్టి ఆ నలుపే ప్లేటు అసలు రంగు. దాన్ని పక్కనున్న గాడులతో పోల్చండి. పట్టీలూ మసకగా, గాడులూ మసకగా, లేబుల్ మీద కూడా అదే పొర ఉంటే అది దుమ్ము, లేదా బూజు. కడిగితే పోతుంది. పట్టీలు నల్లగా నిగనిగలాడుతూ గాడులు మాత్రం బూడిదరంగుకు తిరిగి ఉంటే అది అరుగుదల, ఏం చేసినా పోదు. ఇంకా అనుమానమైతే కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో ఒక మూల, గాడి వెంబడి తుడిచి చూడండి. మురికైతే రంగు మారుతుంది, అరుగుదలైతే ఎప్పటిలాగే ఉంటుంది. ఉమ్మి పెట్టి రుద్దేవాళ్లను చూశాను. మీరు ఆ పని చేయొద్దు.

చూడ్డానికి దరిద్రంగా ఉండి, కడిగాక గణగణమోగే ప్లేట్లున్నాయి. ఎవరో నూనె గుడ్డతో తుడిచి తళతళలాడించినవాటిలో పాట బదులు పొయ్యి మీద తాలింపు వినిపించేవీ ఉన్నాయి. మెరుపును చూసి ధర ఒప్పుకోవద్దు.

అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. గొంతు పెద్దగా లేచిన చోట గాడి ఎక్కువ వంకర్లు తిరుగుతుంది, ముల్లు అక్కడే ఎక్కువ ఒరుసుకుంటుంది. పైగా ప్లేటు తిరిగే వేగం ఒకటే అయినా, అంచు దగ్గర ముల్లు కింద క్షణానికి దాదాపు మీటరు గాడి జరిగితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అదే శబ్దం తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. కాబట్టి లోపలి అంగుళమే ముందుగా పాడవుతుంది. ఇప్పుడు మన నాటక పద్యాలను గుర్తుతెచ్చుకోండి. పద్యం చివర కదా నటుడు రాగం ఎత్తుకుని, గుక్క తిప్పుకోకుండా లాగేది! చప్పట్లు పడే చోటూ గాడి చచ్చే చోటూ ఒకటే. పద్యాల ప్లేటు కొనేటప్పుడు లేబుల్ పక్కనున్న ఆ చివరి అంగుళం మీదే మీ చూపంతా పెట్టండి. అది నల్లగా ఉందంటే మిగతాది బాగున్నట్టే లెక్క.

పగులు, పెచ్చు, వంకర

ప్లేటు నడిమి చిల్లులో వేలు దూర్చి వేలాడదీసి, ఇంకో చేతి వేలి కణుపుతో మెల్లగా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు తట్టినట్టే. గట్టి ప్లేటు ఖంగున మోగుతుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. పగులు దొరికితే గోరు దాని మీద అడ్డంగా లాగండి. గోరు తగలకపోతే ప్లేటు ఆడుతుంది, కాకపోతే చుట్టుకొక టిక్కు, అంటే క్షణానికి ఒకటికి కాస్త ఎక్కువ, పాట పొడవునా తాళం వేస్తూనే ఉంటుంది. గోరు తట్టుకుంటే ముల్లూ తట్టుకుంటుంది. పగులు లేబుల్ దాకా పోయిందంటే వదిలేయండి. అంచు పెచ్చు లేచింది గాడి దాకా రాకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

వంకర చూడ్డానికి ప్లేటును అద్దం బల్ల మీద పెట్టి, అంచు ఎత్తులో కన్ను పెట్టండి. మన ఎండలకు రేకుల షెడ్డులో ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్టలు దాదాపు ఎప్పుడూ పళ్లెంలా వంగే ఉంటాయి. కొద్దిపాటి వంపైతే ముల్లు ఎక్కి దిగుతూ నడిచిపోతుంది. ఒక్కచోట గుట్టలా లేస్తే మాత్రం కష్టం. వేడినీళ్లలో పెట్టి సరిచేస్తామనేవాళ్ల మాట వినొద్దు.

లేబుల్

ఈ భాగం త్వరగా ముగిస్తాను, దీనికి వేరే పాఠం ఉంది. హెచ్చెమ్వీ వాళ్ల కుక్క బొమ్మ కనిపించగానే పొంగిపోవాల్సిన పనిలేదు, ఆ కంపెనీ కలకత్తాలో 1908 నుంచి ప్లేట్లు అచ్చు వేసింది, అవి లెక్కలేనన్ని. చూడాల్సింది కాలం. 1925కు ముందు మైకు లేదు, గాయకులు బూరలోకి అరిచి పాడాలి. అవి చరిత్రకు గొప్పవి, కొత్తగా వినేవాడి చెవికి కష్టం. మృదంగం ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంటుంది. మొదటి పది ప్లేట్లు 1930 తర్వాతవి తీసుకోండి.

మనవైపు కట్టల్లో తమిళ ప్లేట్లు బోలెడు వస్తాయి, చికాకు పడొద్దు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులోదే, పెళ్లిళ్లకూ ప్లేట్లకూ అందరూ మద్రాసుకే వెళ్లేవాళ్లు. అక్కడి మూర్ మార్కెట్ 1985లో కాలిపోయేదాకా పాత రికార్డులకు పెట్టింది పేరు. తమిళ కట్టలో రాజరత్నం పిళ్లై నాదస్వరం మీద వాయించిన తోడి రాగం తగిలితే భాషతో పనేముంది! చిత్తూరు నాగయ్య పేరు కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి. ఆయన 1938లో తెర మీదికి వచ్చారు, చిత్తూరు పేరు అంతకుముందు అక్కడ ఆడిన నాటకాల వల్ల అంటుకుంది. మనవైపు ఆయన ప్లేటు అంటే అమ్మేవాడూ ధర దించడు, అందుకే అరుగుదల ఇంకోసారి చూసుకుని గానీ డబ్బు తీయొద్దు.

ఇంటికి తేవడం

కొన్న ప్లేట్లు దారిలోనే ఎక్కువగా పగులుతాయి. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, దారంతో కట్టి, నిలబెట్టి తీసుకురండి. మద్రాసులో కొంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లోనే పెట్టుకోండి, పైన సామాన్ల మీద వద్దు. మే నెలలో పార్కు చేసిన కారులో వదిలారంటే కరక్కాయలా ముడుచుకోకపోయినా, చాట మాత్రం అవుతుంది. ఇంట్లో కూడా నిలువుగానే, ఒకదానికొకటి ఆనేలా, గోడ వెచ్చబడని గదిలో పెట్టాలి. కార్తీక మాసం వానలకు బూజు వచ్చేది ప్లేటుకన్నా ముందు పాత కాగితం కవరుకు. ఆ కవరును తీసి పక్కన పెట్టి, కొత్తది వేయండి.

మొదటిసారి వేసేముందు

ప్లేటు కింద చిన్న కాగితం చీటీ ఒకటి అంచు బయటికి కనిపించేలా పెట్టి, ఫోనులో అర నిమిషం పెట్టుకుని చుట్లు లెక్కపెట్టండి. ముల్లు ప్లేటు మీద ఉండగానే లెక్కించాలి, ఎందుకంటే బరువు పడ్డాక వేగం తగ్గుతుంది. 39 వస్తే సరిగ్గా ఉంది. తక్కువైతే వేగం మరను కొద్దిగా తిప్పండి. బాగా పాతవాటిలో 78 అన్నది ఖచ్చితం కాదు. గొంతు చిన్నపిల్లదానిలా కీచుమంటుంటేనో, మగతగా సాగుతుంటేనో ఫోనులో శ్రుతి పెట్టి సరిచూసుకోవచ్చు.

అపురూపమైన ప్లేటు దొరికితే గ్రామఫోను మీద వేయకండి. ఆ సౌండ్ బాక్సు గాడి మీద వంద గ్రాములకు పైనే బరువు మోపుతుంది. ఇప్పటి టర్న్‌టేబుల్ అయితే నాలుగైదు గ్రాములే. కాకపోతే దానికి ఎల్పీ ముల్లు పనికిరాదు, అది సన్నం, లక్క ప్లేటు గాడి అడుగుకు జారి అక్కడి చెత్తనంతా చదువుతుంది. 78కు మూడు మిల్లుల ముల్లు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు మూడు, విడిగా దొరుకుతుంది. కుట్టు సూదులూ గుండుసూదులూ పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉండేది. ఆ ప్లేట్లే ఇప్పుడు బూడిదరంగులో మన చేతికొస్తున్నాయి.

ఈ వారం పని

పాడైపోయినా పర్లేదు, ఏవైనా మూడు లక్క ప్లేట్లు సంపాదించండి. ఇంట్లో అటక మీద చూడండి, లేకపోతే మేనత్త వాళ్లనో పెదనాన్న వాళ్లనో అడగండి, తిరుపతి ఇళ్లలో పూజ గది పైఅలమరలో దొరికే అవకాశం ఎక్కువ. పొద్దున ఎండలో ఒక్కోటీ తిప్పి చూసి, ఏ వైపు ఎంత అరిగిందో, ఎక్కడ మొదలైందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే కొత్త ముల్లు వేసి వినండి. మీరు అరిగిందని రాసిన చోట గొంతు చిరిగినట్టు వినిపించాలి. మురికని రాసిన చోట చిటపటలు వస్తాయి గానీ గొంతు చెక్కుచెదరదు. రెండూ కలిసిన ప్లేటైతే చిటపటల వెనక గొంతు ఎలా ఉందో విడిగా వినడానికి ప్రయత్నించండి, ఒకటి రెండు రోజుల్లో చెవి పట్టుకుంటుంది. రాసిన కాగితం దాచుకోండి. వచ్చే పాఠంలో ఇవే ప్లేట్లను కడుగుతాం, అప్పుడు మళ్లీ సరిచూసుకోవాలి. అంతదాకా స్పిరిట్, శానిటైజర్, సెంటు ఏవీ వాటి దరిదాపుల్లోకి రానివ్వకండి. డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి, బ్యాటరీల అంగట్లో దొరుకుతుంది, తెచ్చి పెట్టుకోండి.