పాత ఇంటి వంటగదిని పెరట్లోకి పెంచాలంటే ఎలా?

వంటగది ఇరుకైనప్పుడు అందరికీ ముందు తట్టేది పెరటి గోడ కొట్టేయడమే. నిజానికి గోడ కొట్టేది అన్నిటికంటే చివర.

ముందు ఆ గోడ మీద ఏముందో చూడండి. పిల్లర్లు లేని పాత ఇళ్లలో కప్పు బరువంతా గోడలదే. మిద్దె అయితే దంతెలు, పెంకుటిల్లయితే వాసాలు ఏ గోడ మీద ఆనాయో లోపల్నుంచే తెలుస్తుంది. ఓ మూల పూత గీకి, కట్టుబడి మట్టిదా, సున్నానిదా, సిమెంటుదా గమనించండి. మట్టిదైతే పెద్ద గండి ఆలోచన మానుకోండి. ఉన్న కిటికీ కింద గోడ మాత్రం తీసి గుమ్మంగా మార్చుకుంటే పైన గోడ బరువు మోసే లింటెల్ కదలదు. అంతకంటే వెడల్పు కావాలంటే ఇంజనీరు లెక్క కట్టాల్సిందే.

తర్వాత మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో అనుమతి, ప్రహరీ నుంచి వదలాల్సిన జాగా కనుక్కోండి. పక్కింటాయన సరేనంటే సరిపోదు.

పెరట్లో ముగ్గుతో గది గీయండి. వెడల్పు ఆరడుగులకు తగ్గితే ఇరుకే: రెండడుగుల వంట గట్టు పోగా తిరగడానికి నాలుగడుగులు కూడా మిగలవు. ఇద్దరు నిలబడి చూస్తే సంగతి తెలిసిపోతుంది. గట్టు ఎత్తు వండే మనిషి మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉండాలి. సెప్టిక్ ట్యాంకు మూత ముగ్గు లోపల పడిందా? గీత జరపండి.

ఇక పునాది. పాత గోడ ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇప్పుడు కుంగుతుంది. రెంటినీ ఇటుకలతో పెనవేస్తే బీటలు ఖాయం. మేస్త్రీ ‘కలిపితేనే బలం సార్’ అంటాడు. మీరు మాత్రం అరంగుళం సందు వదిలించి, సాగే సీలెంటు నింపించండి. కొత్త కప్పు పాత చూరు కిందికి దూరాలి, వాలు పెరటి వైపు ఉండాలి. లేకపోతే మొదటి వానకే ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి.

పాత గదికి వెలుతురు తగ్గుతుంది కాబట్టి పొయ్యి కొత్త భాగంలోనే, బయటి కిటికీ దగ్గర పెట్టండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలనే పాకుతుంది. కింద కూడా గాలి పోయే జాలీ ఉంచండి. మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్‌లకు ఎర్త్ ఉన్న విడి లైన్లు లాగించండి.

వానలు వెళ్లాక పని మొదలుపెట్టండి. కాంక్రీటును కనీసం వారం, బూడిద కలిపిన పీపీసీ సిమెంటైతే పది రోజులు తడపాలి. గట్టు లేచి, కుళాయి వచ్చాక అప్పుడు గోడ తెరవండి. అప్పటిదాకా పప్పు పాత పొయ్యి మీదే ఉడుకుతుంది, అన్నంలో సిమెంటు దుమ్మూ పడదు.