వానల్లో దూరప్రయాణానికి ముందు మాడ్యులర్ హెల్మెట్ లాక్ చూసుకోండి

మాడ్యులర్ హెల్మెట్‌ని ఫ్లిప్-అప్ అని కూడా అంటారు. గడ్డం ముందుండే భాగాన్ని, అంటే చిన్ బార్‌ని, బటన్ నొక్కి పైకి లేపుకోవచ్చు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి ఇది పెద్ద ఊరట. పెట్రోలు బంకులో ఆగినా, దారి అడగాలన్నా, గుక్కెడు నీళ్లు తాగాలన్నా హెల్మెట్ మొత్తం తీసే పని లేదు. దూరాలు తిరిగేవాళ్లు దీన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు.

కానీ ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో గడ్డం భాగం పెంకుతో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది. మాడ్యులర్‌లో అది రెండు కీళ్ల మీద, రెండు లాక్‌ల మీద నిలబడుతుంది. లాక్ పట్టి ఉన్నంతసేపే అది ఫుల్ ఫేస్. దెబ్బ తగిలిన క్షణంలో ఊడిపోతే ముఖానికి అడ్డమేమీ ఉండదు. గడ్డానికి తగిలే దెబ్బలు అరుదేమో అనుకోకండి. యూరప్‌లో బైక్ ప్రమాదాల మీద జరిపిన కాస్ట్ 327 పరిశోధన 2001లో వెలువడింది. హెల్మెట్‌లకి తగిలిన దెబ్బల్లో సుమారు 15 శాతం చిన్ బార్ మీదే పడ్డాయని అందులో తేలింది.

వానాకాలంలో రోడ్డు జారుతుంది, బురద నీళ్లు ఎగిరి లాక్ సందుల్లోకి చేరతాయి, కళ్ల ముందుండే అద్దం, అంటే వైజర్ మీద ఆవిరి పట్టి చిన్ బార్ తెరుద్దామనిపిస్తుంది. అందుకే బయల్దేరడానికి ఒక వారం ముందే ఈ పని పెట్టుకోండి. ఏదైనా మార్చాల్సి వస్తే పార్టు తెప్పించుకునే వ్యవధి ఉంటుంది.

హెల్మెట్‌ని ఒళ్లో పెట్టుకుని చిన్ బార్ పూర్తిగా పైకి లేపండి. చాలా మోడళ్లలో రెండు చెంపల పక్కన పెంకు అంచు దగ్గర చిన్న పిన్నులు కనిపిస్తాయి. వాటిని పట్టుకునే కొక్కేలు చిన్ బార్ లోపలి వైపు ఉంటాయి. కొన్నింటిలో అవి లోహంతో, కొన్నింటిలో ప్లాస్టిక్‌తో చేసి ఉంటాయి. కొత్తది కొనేటప్పుడైతే నేను లోహం వాటికే ఓటు వేస్తాను. ఇప్పుడు టార్చ్ వేసి చూడండి. పిన్ను వంగిందా, కొక్కెం అంచు అరిగి గుండ్రంగా అయిందా, మూలల్లో ఇసుక పేరుకుందా?

తర్వాత నెమ్మదిగా మూయండి. రెండు వైపులా టక్కుమని పడాలి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఒక్కోసారి ఒక వైపు పట్టి, రెండో వైపు పట్టదు. పైకి మాత్రం మూసినట్టే ఉంటుంది. రెండు గడియలున్న తలుపుకి ఒకటే వేసి పడుకున్నట్టు అన్నమాట. పట్టని వైపు పెంకుకీ చిన్ బార్‌కీ మధ్య సందు వెంట్రుకవాసి ఎక్కువుంటుంది. వేలి కొసతో రెండు వైపులా తడిమితే ఆ తేడా తెలిసిపోతుంది. బటన్ తాకకుండా చిన్ బార్‌ని ముందుకీ పైకీ గట్టిగా లాగండి. ముందు మధ్యలో పట్టుకుని, తర్వాత కుడి, ఎడమ విడివిడిగా లాగాలి. ఇలా ఓ పదిసార్లు తెరిచి, మూసి చూడండి. ఒక్కసారి జారినా నిర్లక్ష్యం చేయొద్దు.

ఇదంతా అయ్యాక హెల్మెట్ తలకి పెట్టుకుని మళ్లీ లాగండి. చెంపల మెత్తలు బిగుతుగా ఉంటే ముఖం లోపలి నుంచి నెట్టడంతో, ఒళ్లో ఉన్నప్పుడు చక్కగా పడిన లాక్ తల మీద సగమే పడుతుంది. ఇంకొకటి, చాలామంది ఒక మూలన చేయి పెట్టి ఒంటిచేత్తో మూసేస్తారు. ఒక వైపే పట్టడానికి ఎక్కువగా అదే కారణం. చిన్ బార్ నడిమధ్యన అరచేయి పెట్టి నొక్కి మూయండి. తర్వాత ఒకసారి లాగి చూశాకే గేరు వేయండి. ప్రతిసారీ ఇలా చేయడం కాస్త చాదస్తంగానే అనిపించవచ్చు. అయినా చేయాల్సిందే.

లాక్‌లో మట్టి ఉంటే మెత్తని బ్రష్, గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. పెట్రోలు, థిన్నర్, కిరసనాయిలు దగ్గరికి కూడా రానివ్వకండి. పాలీకార్బొనేట్ పెంకుని అవి కంటికి కనిపించకుండా బలహీనపరుస్తాయి. బాగా ఆరాక, కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన నూనె ఉంటే అదే ఒక చుక్క వేయండి. కీళ్ల దగ్గర స్క్రూలు వదులైతే బిగించుకోవచ్చు గానీ, అరిగిన కొక్కేన్ని ఆకురాయితో సరిచేయడం, గమ్ముతో అతికించడం వద్దు. కంపెనీ పార్టు దొరికితే మార్పించండి, దొరక్కపోతే ఆ హెల్మెట్‌ని పక్కన పెట్టేయండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదైనా అంతే. లోపలి థర్మాకోల్ పొర నలిగిందంటే మళ్లీ యథాస్థితికి రాదు, బయట గీత కూడా కనిపించకపోవచ్చు.

ఇక సర్టిఫికెట్ సంగతి. యూరప్ ప్రమాణమైన ఈసీఈ 22 ప్రకారం వచ్చిన హెల్మెట్‌కి పట్టీ మీద కుట్టిన లేబుల్ ఉంటుంది. అందులో నంబర్ పక్కన ఉండే అక్షరాన్ని చాలామంది చూడరు. పీ అని ఉంటే గడ్డానికి రక్షణ ఇచ్చేదిగా పరీక్షించారని అర్థం. జె అంటే ఓపెన్ ఫేస్. ఎన్‌పీ అని ఉంటే ముందు భాగం ఉన్నా అది గడ్డాన్ని కాపాడేది కాదు. చూడ్డానికి అచ్చం ఫుల్ ఫేస్‌లా ఉన్నా సరే, దూరప్రయాణానికి దాన్ని కొనొద్దు. పీ, జె రెండూ ఉంటే మూసి ఉన్నా, తెరిచి ఉన్నా వాడటానికి ఆమోదం పొందిందన్నమాట. నంబర్ 06తో మొదలైతే అది కొత్త 22.06 ప్రమాణం. తల మెలితిరిగేలా పక్కవాటుగా తగిలే దెబ్బల పరీక్షని అందులో చేర్చారు. అమెరికా డాట్ ముద్ర ఒక్కటే చూసి తృప్తిపడకండి. ఆ ప్రమాణంలో చిన్ బార్‌కి దెబ్బ పరీక్షే లేదు.

లాక్ నమ్మకం గురించి నేరుగా చెప్పేది మరొకటుంది. బ్రిటన్ ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన షార్ప్ అనే పథకం హెల్మెట్‌లని కొని పరీక్షించి 1 నుంచి 5 నక్షత్రాలు ఇస్తుంది. ఫ్లిప్-అప్ మోడళ్లకి దీంతో పాటు, దెబ్బలు వేసినప్పుడు ఎంత శాతం సార్లు చిన్ బార్ లాక్ ఊడకుండా నిలిచిందో కూడా ప్రకటిస్తుంది. మోడల్‌కీ మోడల్‌కీ ఈ శాతంలో చాలా తేడా ఉంటుంది. నక్షత్రాలు చూసి ఆగిపోకుండా ఆ శాతం కూడా చూడండి. నన్నడిగితే 100కి దగ్గరగా లేనిది వదిలేయమంటాను. ఎప్పుడూ హైవే వేగంలోనే వెళ్తూ, చిన్ బార్ తెరిచే అవసరమే పెద్దగా లేనివాళ్లకి మామూలు ఫుల్ ఫేసే మేలు. అందులో ఊడే భాగాలు తక్కువ, బరువూ సాధారణంగా తక్కువే.

పీ, జె రెండూ ఉన్నా వేగంగా వెళ్లేటప్పుడు తెరవొద్దు. పైకి లేచిన చిన్ బార్ గాలికి అడ్డం నిలబడి మెడని వెనక్కి లాగుతుంది. పడితే అదే ముందు నేలకి తగిలి తలని మెలిపెట్టొచ్చు. తెరిచినప్పుడు పైన నిలిపే చిన్న మీట లేని మోడళ్లలో గతుకు తగలగానే అది కళ్ల మీదికి జారొచ్చు కూడా. పూర్తిగా వెనక్కి తిరిగిపోయే రకానికి గాలి బాధ తక్కువే గానీ, ముఖం మాత్రం ఖాళీగానే ఉంటుంది.

వానలో ఆవిరి పడితే చిన్ బార్ జోలికి పోకుండా వైజర్‌ని ఒక్క మెట్టు తెరవండి, గడ్డం దగ్గరి గాలి రంధ్రం తీయండి. ఆవిరి పట్టకుండా లోపలి వైపు అమర్చే పిన్‌లాక్ పొర వేసుకునే వీలున్న వైజరైతే బయల్దేరే ముందే వేయించుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. నల్ల వైజర్‌తో వానలో గానీ రాత్రిగానీ వెళ్లొద్దు.

పట్టీ విషయం చిన్నదే గానీ మాడ్యులర్ వాడేవాళ్లకే ఎక్కువగా ఎదురవుతుంది. ముఖం తెరిచి మాట్లాడుతూ పట్టీ వదులు చేస్తారు, చిన్ బార్ మూసేశాక పట్టీ కనపడదు, అలాగే బండి తీసేస్తారు. ముందు పట్టీ, తర్వాతే చిన్ బార్ అనే క్రమాన్ని తప్పకండి. పట్టీ బిగించాక హెల్మెట్‌ని వెనక నుంచి పైకి నెట్టి చూడండి, తల మీది నుంచి ముందుకు ఊడి రాకూడదు.

మాడ్యులర్‌కి ఉన్న ఒక నిజమైన మేలు ప్రమాదం తర్వాత పనికొస్తుంది. హెల్మెట్ తీయకుండానే చిన్ బార్ తెరిచి, ఊపిరి ఆడుతోందో లేదో చూడొచ్చు. మెడ కదలకుండా ఒకరు తలని రెండు చేతులతో పట్టుకోవాలి, ఇంకొకరు తెరవాలి. ఊపిరికి అడ్డం పడితే తప్ప హెల్మెట్‌ని లాగి తీయకూడదు. కానీ బటన్ ఎక్కడుందో తెలియనివాళ్లు కంగారులో చిన్ బార్‌నే పట్టుకుని గుంజుతారు. అందుకే వెనక కూర్చునేవాళ్లకీ, కలిసి వచ్చే రైడర్లకీ బయల్దేరే ముందే మీ హెల్మెట్ చేతికిచ్చి, బటన్ ఎక్కడుందో చూపించి, ఒకసారి వాళ్ల చేతే తెరిపించండి. వాళ్లది మీరూ తెరిచి చూడండి.