తాతగారి రైఫిల్ మీద చెయ్యి వేసే ముందు

• లైసెన్సు దగ్గర పెట్టుకోండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరు కూడా లైసెన్సున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పనే, బ్యారెల్ (తుపాకీ గొట్టం) కోయించడం మాటే వద్దు. ఇంట్లో మనం చేయదగ్గది కర్రకు మెరుగు, పైపై మురికి, అంతే.

• ఖాళీగానే ఉందిలే అనుకోవద్దు. బోల్టు (వెనక్కి లాగే గడియ) తెరిచి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడమండి. తూటాలు వేరే గదిలో, తాళం వేసి.

• లీ ఎన్‌ఫీల్డ్ లాంటి పాత బ్రిటిష్ సైనిక రైఫిళ్లకు గిరాకీ అంతా ముద్రలు, సీరియల్ నంబర్ల వల్లే. ఇసక కాగితంతో వాటిని అరగదీస్తే మిగిలేది కట్టెముక్కే! సొంత సోకు చేయాలనిపిస్తే, మళ్లీ తీసేయగలిగే తోలు పట్టీ చాలు.

• కర్రకు మెరుగు పెట్టిన అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

• చెన్నై ఉప్పుగాలికి వేలిముద్ర పడ్డచోటే తుప్పు లేస్తుంది. పనవగానే ఇనుప భాగాల్ని తుపాకీ నూనె అద్దిన గుడ్డతో తుడవండి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, చెమ్మ పీలుస్తుంది.