చిన్న సర్వీసు షాపులో చిట్టా పద్దులు, మార్చి 31 సర్దుబాట్లు

విజయవాడలో ఏసీలు బాగుచేసే ఒక చిన్న షాపును ఉదాహరణగా తీసుకుందాం. యజమానితో పాటు ఇద్దరు మెకానిక్‌లు పనిచేస్తారు. కిరాణా కొట్టులో వస్తువు చేతులు మారిన రోజే అమ్మకం జరిగిపోతుంది గానీ, పనిని అమ్ముకునే చోట డబ్బు వచ్చే రోజు ఒకటి, పని జరిగే రోజు మరొకటి అవుతుంది. ఏఎంసీ (ఏడాది పొడవునా ఏసీలను చూసుకునే నిర్వహణ కాంట్రాక్టు) సొమ్ము పని మొదలుకాకముందే చేతికి వస్తుంది. మార్చి చివరి వారంలో చేసిన పనికి బిల్లు ఏప్రిల్‌లో వెళుతుంది. ఈ తేడాను లెక్కలోకి తేవడానికే, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31న సర్దుబాటు పద్దులు రాస్తాం.

ముందుగా లావాదేవీలను జరిగిన వరుసలో రాసుకునే రోజువారీ చిట్టా సంగతి చూద్దాం. ప్రతి పద్దులో తేదీ, డెబిట్ అయ్యే ఖాతా, క్రెడిట్ అయ్యే ఖాతా, మొత్తం, వాటి కింద ఒక వాక్యం వివరణ ఉండాలి. పాత వాడుకలో డెబిట్‌ను ఖర్చు అనీ, క్రెడిట్‌ను జమ అనీ అంటారు. కొత్తవారు ఈ ‘ఖర్చు’ అనే మాట దగ్గరే తడబడతారు, ఎందుకంటే వాక్యూమ్ పంపు కొన్నప్పుడు యంత్రాల ఖాతా డెబిట్ అవుతుంది గానీ, ఆ సొమ్ము ఖర్చు కాదు, ఆస్తి. అందుకే ఇక్కడ డెబిట్, క్రెడిట్ అనే వాడుతున్నాను. వివరణలో బిల్లు నంబరు, పని జరిగిన చోటు తప్పక రాయండి. ఆరు నెలల తర్వాత ‘సర్వీసు నిమిత్తం’ అనే రెండు మాటల వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

చిన్న షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు యూపీఐ దగ్గర ఉంది. కస్టమర్ 1,200 రూపాయలను యజమాని సొంత ఖాతాకు పంపితే, ఆ పని అసలు చిట్టాకే ఎక్కదు. సొంతవాడకాల ఖాతాను (యజమాని తన సొంతానికి తీసుకున్న సొమ్మును రాసే ఖాతా) డెబిట్ చేసి, సర్వీసు ఆదాయాన్ని క్రెడిట్ చేయాలి. గల్లాపెట్టెలోంచి ఇంటి కరెంటు బిల్లు కట్టినా సొంతవాడకాలకే డెబిట్ అవుతుంది, షాపు ఖర్చుకు కాదు.

ఇక సర్దుబాట్లలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది ఏఎంసీ. 2026 ఫిబ్రవరి 1న ఒక క్లినిక్ నాలుగు ఏసీలకు ఏడాది కాంట్రాక్టు కింద 12,000 రూపాయలు బ్యాంకులో వేసిందనుకుందాం. ఆ రోజు పద్దు ఇది:

బ్యాంకు ఖాతా, డెబిట్ 12,000
ముందుగా వచ్చిన ఏఎంసీ ఆదాయం ఖాతాకు, క్రెడిట్ 12,000
(క్లినిక్ నాలుగు ఏసీల ఏఎంసీ, 1-2-2026 నుంచి 31-1-2027 వరకు)

ఈ సొమ్ము ఇంకా మనది కాదు, చేసిపెట్టవలసిన పని తాలూకు బాధ్యత. మార్చి 31 నాటికి రెండు నెలలు గడిచాయి కాబట్టి, ముందుగా వచ్చిన ఆదాయం ఖాతాను 2,000కు డెబిట్ చేసి, సర్వీసు ఆదాయాన్ని అంతే మొత్తానికి క్రెడిట్ చేస్తే, మిగిలిన 10,000 ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు నిలుస్తుంది. డబ్బు వచ్చిన రోజే మొత్తాన్ని ఆదాయంగా రాసేసి ఉంటే, సర్వీసు ఆదాయాన్ని 10,000కు డెబిట్ చేసి, ముందుగా వచ్చిన ఆదాయాన్ని క్రెడిట్ చేయండి. ఏసీ ఎప్పుడు ఆగినా వెళ్లాలనే షరతు ఉన్న కాంట్రాక్టును నెలల చొప్పున పంచడం న్యాయంగా ఉంటుంది. ఏడాదికి మూడు సర్వీసులు మాత్రమే అని ఒప్పుకుని ఉంటే, జరిగిన సర్వీసుల లెక్కనే పంచాలని నా అభిప్రాయం.

మార్చి 29న 3,500 రూపాయల పని చేసి బిల్లు ఇంకా ఇవ్వకపోతే, రావలసిన ఆదాయం ఖాతా డెబిట్, సర్వీసు ఆదాయం క్రెడిట్. ఏప్రిల్‌లో ఇవ్వబోయే మార్చి జీతాలు 36,000కు జీతాల ఖాతా డెబిట్, చెల్లించవలసిన జీతాలు క్రెడిట్. అక్టోబర్ 1న ఏడాదికి కట్టిన వాహన బీమా 6,000లో సగం ముందుగా చెల్లించిన ఖర్చు అవుతుంది. షాపు గదిని అద్దెకిచ్చినవారికి ఇచ్చిన అడ్వాన్సు మాత్రం అద్దె కాదు, తిరిగి రావలసిన ఆస్తి, దాన్ని కదిలించకండి.

విడిభాగాల దగ్గర అంచనాతో సరిపెట్టవద్దు. కెపాసిటర్లు, రాగి గొట్టం ముక్కలు చేత్తో లెక్కపెట్టాలి. సగం వాడిన గ్యాస్ సిలిండర్‌ను తూచి, దాని మీద ముద్రించిన ఖాళీ బరువును తీసివేస్తే, మిగిలిన గ్యాస్ ఎన్ని కిలోలో తెలుస్తుంది. దానిని కిలోకు కొన్న ధరతో గుణించాలి. అలా మిగిలిన సరుకు మొత్తం 9,500 అయితే, ముగింపు సరుకు డెబిట్, విడిభాగాల ఖర్చు క్రెడిట్.

తరుగుదలకు (వాడకం వల్ల ఆస్తి విలువ తగ్గే మొత్తం) ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం యంత్రాలపై రేటు 15 శాతం. ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. డిసెంబర్ 1న 24,000కు కొని వాడకంలో పెట్టిన పంపుపై 1,800 వస్తుంది.

షాపు జీఎస్టీలో నమోదై ఉంటే, పన్నును ఎప్పుడూ ఆదాయంలో కలపకూడదు. 18 శాతం చొప్పున 3,500 పనిపై 630 అవుతుంది. అందులో 315 సీజీఎస్టీ (కేంద్రం వాటా), 315 ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా), రెండూ చెల్లించవలసిన పన్ను ఖాతాలే. సేవలకు అడ్వాన్సు తీసుకున్నప్పుడే పన్ను బాధ్యత వస్తుంది కాబట్టి, ఏఎంసీ ఆదాయాన్ని నెలనెలా పంచినా పన్నును అలా పంచడం కుదరదు.

రాసినవన్నీ ఒకసారి చూసుకోండి: సర్దుబాటు పద్దులో నగదు ఖాతా గానీ బ్యాంకు ఖాతా గానీ కనిపిస్తే, అది సర్దుబాటు కాదు, ఎక్కడో మరిచిపోయిన లావాదేవీ. ఆవర్జాకు (ఖాతాలవారీ పుస్తకం, లెడ్జర్) ఎక్కించి, కొత్త అంకణా (ఖాతాల నిల్వల పట్టీ, ట్రయల్ బ్యాలెన్స్) తీసి, రెండు వైపులా మొత్తాలు కలిశాకే లాభనష్టాల ఖాతాకు వెళ్లండి. ఏప్రిల్‌లో ఆ 3,500 చేతికి వచ్చినప్పుడు సర్వీసు ఆదాయాన్ని మళ్లీ క్రెడిట్ చేయకుండా, రావలసిన ఆదాయం ఖాతాను క్రెడిట్ చేయాలి; జీతాలు ఇచ్చినప్పుడు కూడా డెబిట్ అయ్యేది చెల్లించవలసిన జీతాల ఖాతాయే.