మురుగునీటి శుద్ధి, 5వ పాఠం: తడిసిన గుడ్డ లెక్క

మురుగునీటితో ప్లాంటుకు వచ్చిన ఒక కాలుష్య పదార్థంలో ఎంత శాతం స్లడ్జ్‌కు (నీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవుల బురదకు) అంటుకుని తొలగిపోతుంది? పోయిన పాఠం చివర ఇచ్చిన ఈ లెక్కకు చాలామంది 75 శాతం అని రాశారు. కాబట్టి కొత్త విషయం కాసేపు ఆగాలి.

ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊదే ట్యాంకులో) లీటరుకు 3 గ్రాముల స్లడ్జ్, కేడీ (గ్రాము స్లడ్జ్‌కు అంటుకున్నది లీటరు నీళ్లలో మిగిలినదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) గ్రాముకు 1 లీటరు. ఈ రెండూ గుణిస్తే 3, అంటే నీళ్లలో 1 వంతు మిగిలితే స్లడ్జ్‌కు 3 వంతులు. అందుకే మీరు 3ని మొత్తం 4తో భాగించారు. బీకరులో అయితే అది సరైన జవాబే. ఆ పదార్థం సోకని స్లడ్జ్ తెచ్చి కలిపితే ముప్పాతిక వంతు దానికి అంటుకుంటుంది.

ప్లాంటు బీకరు కాదు. క్లారిఫయర్ (స్లడ్జ్ కిందికి దిగే తొట్టి) అడుగున చేరిన స్లడ్జ్‌లో చాలా భాగం మళ్లీ ట్యాంకుకే వస్తుంది. అది నిన్నా మొన్నా అదే పదార్థాన్ని పట్టుకుని ఉన్న స్లడ్జ్. తడిసిన గుడ్డతో నేల తుడిస్తే ఇంకెంత పీలుస్తుంది? కాలుష్యం స్లడ్జ్‌తో బయటికి పోవాలంటే మనం తీసేసే వేస్ట్ స్లడ్జ్ ఒక్కటే దారి. అది లీటరు మురుగునీటికి 0.2 గ్రాములు అనుకోండి. నీళ్లతో పోయేది 1 వంతయితే స్లడ్జ్‌తో పోయేది 0.2 వంతు, కాబట్టి 0.2ని 1.2తో భాగిస్తే 17 శాతం. అదీ సూక్ష్మజీవులు ఏమీ తినలేదనుకుంటేనే. 75 నమ్మి డిజైన్ చేస్తే మిగతాదంతా శుద్ధి చేసిన నీళ్లతో నదిలోకే పోతుంది. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఇక ఈసారి పాఠం. మైక్రోస్కోపు కింద స్లడ్జ్ ముద్ద గోధుమరంగు దూదిపింజలా కనిపిస్తుంది. బ్యాక్టీరియా తమ చుట్టూ వదిలిన జిగురే దాన్ని కలిపి ఉంచుతుంది. కాలుష్యం చాలావరకు చిక్కేది ఆ జిగురులోనూ కణాల పొరల్లోనూ. నీళ్లంటే గిట్టని ట్రైక్లోసాన్ (క్రిములను చంపే రసాయనం) లాంటివి కొవ్వు పదార్థాల్లోకి దూరిపోతాయి. కార్బమజెపైన్ (మూర్ఛ మందు) పెద్దగా అంటుకోదు, సూక్ష్మజీవులు దాన్ని పెద్దగా తినవు కూడా.

మరి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్? అది కొవ్వులో కరిగే రకం కాదు, అయినా స్లడ్జ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పీహెచ్ 7 దగ్గర ఆ అణువులో ఒక చోట ధనావేశం ఉంటుంది, స్లడ్జ్ ఉపరితలానిదేమో రుణావేశం. అందుకే నేను కొవ్వులో కరిగే గుణం కంటే ముందు ఆవేశమే చూస్తాను. కేడీ 20 అనుకుంటే పై పద్ధతిలోనే 20ని 0.2తో గుణిస్తే 4, ఆ 4ని 5తో భాగించాలి, 80 శాతం వస్తుంది.

అభ్యాసం: స్లడ్జ్ వయసు (అది ప్లాంటులో ఉండే సగటు రోజులు) పెంచారు, వేస్ట్ స్లడ్జ్ లీటరుకు 0.1 గ్రాముకు తగ్గింది. కేడీ 1, 20 రెండింటికీ కొత్త శాతాలు కట్టండి. ఏది ఎక్కువ నష్టపోయింది, ఎందుకు? ఆ నష్టాన్ని సూక్ష్మజీవులు తిని పూడ్చాలంటే వచ్చిన పదార్థంలో ఎంత శాతం తినాలి? ట్యాంకులోని 3 గ్రాములు ఎక్కడా వాడకుండా చేయండి.